ఫిజీలో చాపల మీది సంప్రదింపులు

వాతావరణ మార్పుపై కుదిరిన పారిస్ ఒప్పందానికి అందరికంటే ముందు ఆమోదం తెలిపిన దేశం ఫిజీ అనీ, 2017లో బాన్ నగరంలో జరిగిన వాతావరణ సదస్సుకు అధ్యక్షత వహించి, అందరూ కూర్చుని మనసు విప్పి మాట్లాడుకునే తమ తలనోవా పద్ధతిని ప్రపంచ దేశాల ముందు పెట్టిందనీ చదివి ఉన్నాను. 2018–2030 కాలానికి ఆ దేశం రాసుకున్న జాతీయ వాతావరణ మార్పు విధానం కూడా సంప్రదింపుల మీదే నిలబడింది. అయితే విధానపత్రం చదవడం ఒక ఎత్తు, అందులోకి ఎవరి మాట చేరిందో తెలుసుకోవడం ఇంకొక ఎత్తు. అందుకే రాజధాని సువాలో ఎక్కువ ఆగకుండా, ఓడ ఎక్కి వనువా లెవు దీవిలోని సావుసావుకు, అక్కడి నుంచి నతేవా అఖాతం ఒడ్డున ఉన్న వునిడొగొలోవా గ్రామానికి వెళ్ళాను.

ఫిజీలో పల్లెకు వట్టి చేతులతో వెళ్ళరు. సావుసావు బజారులో కొన్న యంగోనా (కావా) అనే మొక్క వేళ్ళ కట్టను గ్రామాధికారి ముందు పెట్టి, ఆయన దాన్ని స్వీకరించిన తరువాతనే చాప మీద కూర్చున్నాను. ఆ వేళ్ళను నీటిలో కలిపి కొబ్బరి చిప్పలో అందించిన మట్టివాసన పానీయం నాలుకను కాసేపు మొద్దుబార్చింది. మాటలు మాత్రం తీరిగ్గా, ఒకరి తరువాత ఒకరుగా సాగాయి.

సముద్రం ఒడ్డును కోసుకుంటూ రావడం, ఉప్పునీరు పంటల్లోకి చొరబడటం, కట్టిన అడ్డుగోడ నిలవకపోవడం వల్ల ఈ ఊరివాళ్ళు 2006లోనే తమను వేరే చోటికి మార్చమని ప్రభుత్వాన్ని కోరారు. 2014లో సుమారు 2 కిలోమీటర్ల లోపలికి, మెరక మీదికి తరలిపోయారు. వాతావరణ మార్పు కారణంగా ఫిజీ ప్రభుత్వ సాయంతో మొత్తంగా తరలిన తొలి గ్రామం ఇదే. కొత్త ఇళ్ళకు ఊరివాళ్ళే తమ అడవి కలప ఇచ్చారు. ఇంత శ్రద్ధగా సాగిన పనిలో ఒక లోపం దొర్లింది: ఆ ఇళ్ళకు మొదట వంటగదులు లేవు. ఇంటి నమూనా గీస్తున్నప్పుడు పొయ్యి దగ్గర రోజంతా గడిపేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదని నా నమ్మకం. సంప్రదింపు జరిగిందని చెప్పడానికి హాజరు పట్టీ చాలదు. ఆ చాప మీద ఎవరు మాట్లాడారు, ఎవరు వెనక కూర్చుని యంగోనా కలిపారు అన్నది కూడా చూడాలి.

2018 డిసెంబరులో వెలువడిన తరలింపు మార్గదర్శకాలు ఈ విషయంలో ముందడుగే. తరలింపు చివరి మార్గం కావాలనీ, ప్రజల సమ్మతి లేనిదే జరగరాదనీ, స్త్రీలు, వృద్ధులు, వికలాంగుల మాట వినాలనీ అవి చెబుతాయి. 2021లో వాతావరణ మార్పు చట్టం కూడా వచ్చింది. దాని ముసాయిదాను ముందుగానే ప్రజాభిప్రాయానికి పెట్టారు.

తిరుగు దారిలో నాండి పట్టణంలో ఆగాను. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఒప్పంద కూలీలుగా వచ్చిన తమిళ, తెలుగు, మలయాళీ కుటుంబాల సంతతి ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. 1926లో మొదలైన సంగం అనే సంస్థ బడులతో పాటు ఇక్కడి సుబ్రహ్మణ్య స్వామి గుడినీ నడుపుతోంది. గుడి ఆవరణలో పరిచయమైన ఒక వృద్ధ చెరకు రైతుకు నా తెలుగులో కొన్ని మాటలే అందాయి. మిగతాదంతా ఫిజీ హిందీలో సాగింది. 2012 వరదల్లో నాండి నది ఆయన పొలాన్ని ముంచిందట. ఫిజీ భూమిలో సుమారు 87 శాతం మూలవాసి ఇతౌకెయ్ ప్రజల ఉమ్మడి ఆస్తి కాబట్టి, ఆయన చేసేది కౌలు సేద్యం. ఊరు మారాలంటే ఆ ప్రజలకు వెనక్కి జరగడానికి తమ వంశపు నేల తరచుగా ఉంటుంది. కౌలుదారుకు గడువు తీరిన కాగితం తప్ప ఏముంటుంది?

పల్లెకు గ్రామాధికారి ఉన్నాడు, కబురు ఆయన ద్వారా ఇంటింటికీ వెళుతుంది; చెదురుమదురుగా ఉండే చెరకు రైతుల ఇళ్ళకు అలాంటి ఏర్పాటు బలంగా లేదని ఆ వృద్ధ రైతు వాదన. సంప్రదింపుల సమావేశానికి పిలిస్తే వస్తారా అని అడిగాను. కోత కాలంలో కాకుండా చూడమనండి, అన్నాడాయన.