చేపల పెట్టెలో తూటికూర

మట్టి లేకుండా మొక్కలు పెంచుతానని చెన్నైలో ఎవరైనా ఉత్సాహపడితే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. మే నెల మధ్యాహ్నం మీ మేడ మీది ట్యాంకు నీళ్లలో చెయ్యి పెట్టగలరా? మన చెయ్యే ఓర్చుకోలేని నీళ్లలో వేళ్లు ఎలా బతుకుతాయండీ?

ఈ హైడ్రోపోనిక్స్‌లో మట్టి లేకపోవడం పెద్ద ఇబ్బందేమీ కాదు. మట్టి ఇచ్చే పోషకాలను మనం ఉప్పుల రూపంలో నీళ్లలో కలిపి ఇచ్చేస్తాం. కానీ మట్టి ఇంకో రెండు పనులు చడీచప్పుడు లేకుండా చేస్తుంది. వేళ్లను ఎండ నుంచి కాపాడుతుంది, వాటికి గాలి అందేలా చూస్తుంది. మట్టి తీసేస్తే ఆ రెండూ మన నెత్తిన పడతాయి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు చేరేసరికి అది ఏడున్నరకి దిగుతుంది. తేడా కొంచెమే కదా అనిపిస్తుంది, కానీ వేడి పెరిగేకొద్దీ వేళ్లకు కావలసిన ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగినట్టన్నమాట. వేళ్లను కుళ్లబెట్టే పిథియం తెగులు అదను చూసుకుని దిగేది అప్పుడే. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకి తిరిగి, జిగురుపట్టి, మురుగు వాసన కొడతాయి.

మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సార్ ఒకాయన పోరూరులో తన మేడ మీద పైపుల సెట్ పెట్టించుకున్నారు. పీవీసీ పైపుల అడుగున పోషకాల నీళ్లు పల్చగా పారుతుంటాయి, పంపు వాటిని తిప్పుతూ ఉంటుంది. దీన్ని ఎన్.ఎఫ్.టి. (న్యూట్రియెంట్ ఫిల్మ్ టెక్నిక్) అంటారు. చల్లటి ఊళ్లో దివ్యంగా పనిచేస్తుంది. ఇక్కడ అగ్ని నక్షత్రం అనే మే నెల మండుటెండల రోజుల్లో ఆ పైపులు ముట్టుకుంటే చుర్రుమనేవి. దానికి తోడు కరెంటు పోయిందంటే పారే నీళ్లు ఆగిపోయి వేళ్లు ఎండిపోతాయి. అమ్మినవాళ్లు ఇది ఇజ్రాయెల్ టెక్నాలజీ అని ఊదరగొట్టారట. నిజానికి 1946లోనే షాల్టో డగ్లస్ అనే ఇంగ్లిష్ శాస్త్రజ్ఞుడు మన పశ్చిమ బెంగాల్‌లోని కాలింపాంగ్‌లో ప్రయోగశాల పెట్టి ఈ మట్టి లేని సాగు మొదలుపెట్టాడు. ఆ సంగతి చెబితే సార్ నవ్వి, "ముందే చెప్పుంటే బేరం ఆడేవాణ్ణి" అన్నారు.

పైగా వాళ్లు చూపించిన ఫొటోలన్నీ లెట్యూస్‌వే. అది చలి దేశాల ఆకు. చెన్నైలో నవంబరు నుంచి జనవరి దాకా తప్ప దాని జోలికి పోకూడదని నా అభిప్రాయం. అయినా మన ఇళ్లలో లెట్యూస్ తినేదెవరు?

నేను ఎంచుకున్నవి ఎండకు వెరవని ఆకుకూరలు: తూటికూర, బచ్చలి, తోటకూర. అన్నిటికన్నా తూటికూర. అది పుట్టుకతోనే నీటి మొక్క, కాడ లోపల డొల్లగా ఉంటుంది. బజారులో కొనాలంటే భయం, ఏ మురుగు కాలువ పక్కన పెరిగిందో తెలియదు. మా నెల్లూరు వైపు పప్పులో వేస్తాం, వేపుడూ చేస్తాం.

పంపూ కరెంటూ లేని క్రాట్కీ పద్ధతి నాది. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్రాట్కీ గారి పేరు మీద వచ్చింది. పెట్టె నిండా పోషకాల నీళ్లు పోసి, మూతకు చేసిన రంధ్రాల్లో మొక్కలు పెట్టిన జాలీ కప్పులు దించుతాం. మొక్క తాగేకొద్దీ నీటి మట్టం దిగుతుంది, పైన తేలిన వేళ్లు తడి గాలిలో ఆక్సిజన్ పీల్చుకుంటాయి. అందుకే మధ్యలో నీళ్లు పోయాల్సి వస్తే మళ్లీ అంచుదాకా నింపకూడదు. గాలికి అలవాటుపడ్డ వేళ్లు మునిగి ఊపిరాడక చస్తాయి.

పెట్టె ఏమిటంటారా? కాశిమేడు చేపల రేవు నుంచి ఐసులో చేపలు వచ్చే థర్మోకోల్ పెట్టె. పెరంబూరులో మా వీధి చివర చేపలమ్మే అక్క ఖాళీవి ఊరికే ఇచ్చేస్తుంది. ఐసునే కరగకుండా కాపాడేది నా నీళ్లను కాపాడదా! బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో రెండుసార్లు కడిగి, ఎండబెట్టి, లోపల మందపాటి నల్ల కవరు పరుస్తాను. వెలుతురు చొరబడితే నీళ్లలో నాచు పడుతుంది. మూత మీద నా పాత మట్టిగాజు పెట్టి పెన్సిల్‌తో గీసి, గీతకు కొంచెం లోపలగా కత్తితో కోస్తాను. కప్పు బిగుతుగా కూర్చోవాలి. సందు మిగిలితే దోమలు దూరి గుడ్లు పెడతాయి, కార్పొరేషన్ వాళ్లు డెంగ్యూ తనిఖీకి వచ్చినప్పుడు జవాబు చెప్పుకోవాలి. ఓనరమ్మకి మాత్రం ఈ పెట్టెలంటే తెగ ఇష్టం. మట్టి కుండీల కింద తడి ఇంకి స్లాబు పాడవుతుందని ఆవిడకి ఎప్పుడూ టెన్షనే.

ఇక నీళ్లు. మా బోరు నీళ్ల టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం, వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. ఆకుకూరలకు పోషకాలన్నీ కలిపాక కూడా ఎనిమిది వందల దగ్గర ఉంటే చాలు, అలాంటిది పోషకం వెయ్యకుండానే గీత దాటేస్తే ఇంకేం కలుపుతాం? క్యాన్ నీళ్లు కొనడం దండగ. ఇక్కడి ఉక్కలో రాత్రంతా ఏసీ నడిస్తే తెల్లారేసరికి పైపు కింద పెట్టిన బకెట్ నిండుతుంది. అందులో ఉప్పు దాదాపు సున్నా. మరీ ఉత్త నీళ్లయినా పీహెచ్ (నీళ్ల ఆమ్లగుణం కొలత) నిలకడగా ఉండదు, కాబట్టి నాలుగు వంతుల ఏసీ నీళ్లకు ఒక వంతు బోరు నీళ్లు కలుపుతాను. కాల్షియం, మెగ్నీషియం కొంత అందులోంచే వస్తాయి.

పోషకాలను ఎ, బి అని రెండు సీసాల్లో ఎందుకు అమ్ముతారని చాలామంది అడుగుతారు. కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసేదాన్ని, ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. ఎ సీసాలో కాల్షియం నైట్రేట్ ఉంటుంది. బి లో మెగ్నీషియం సల్ఫేట్, ఫాస్ఫేట్ ఉంటాయి. చిక్కటి ద్రావణాలను నేరుగా కలిపితే కళ్లముందే పాలలా తెల్లబడి అడుగున సున్నంలాంటి మడ్డి కూర్చుంటుంది. అది జిప్సమ్, కాల్షియం ఫాస్ఫేట్. మొక్కకు అందాల్సిన కాల్షియమంతా అందులోనే పోయినట్టు. అందుకని బకెట్ నీళ్లలో ముందు ఎ పోసి బాగా కలిపి, ఆ తర్వాతే బి పోయాలి. పీహెచ్ ఐదున్నర, ఆరున్నర మధ్య ఉండాలి. ఏడు దాటితే ఇనుము అందదు. లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయంటే అదే కారణమనుకోండి.

మా అత్తయ్యకి మొదట్లో ఇదంతా నచ్చలేదు. "మందు నీళ్ల కూర మీరే తినండమ్మా" అనేశారు. పేడ వేసినా అది మట్టిలో కుళ్లి చివరికి నైట్రేటుగా మారాకే వేరు ఎక్కువగా తీసుకుంటుందత్తయ్యా, మొక్కకు రెండూ ఒకటే అని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారని చెప్పలేను. బచ్చలి పప్పు మాత్రం రెండోసారి వడ్డించుకుంటారు.

డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కీరై (ఆకుకూర) కట్ట ఇప్పటికీ చవకే, టీడీఎస్, పీహెచ్ కొలిచే మీటర్లకూ పోషకాలకూ పెట్టింది ఆకుకూరల్లో రాబట్టుకోవడం నా వల్ల కాలేదు, ఆ లెక్క వెయ్యడం కూడా మానేశాను. కోత అయ్యాక పెట్టెలో మిగిలిన నీళ్లలో ఇంకా పోషకాలుంటాయి. వాటిని కాలువలో పారబొయ్యకుండా రెండింతలు మామూలు నీళ్లు కలిపి కింద ఓనరమ్మ మల్లె పాదుకి పోస్తాను. ఆ పాదు మట్టిలోనే ఉంది.