నంది హిల్స్ దగ్గర అప్పుల పంచాయితీ

2023లో జీ20 (పెద్ద ఆర్థిక వ్యవస్థలున్న దేశాల కూటమి) కుర్చీ మనదైనప్పుడు ఏం జరిగిందని ఎవరినైనా అడగండి, ఢిల్లీ గురించి చెబుతారు. భారత్ మండపం, బైడెన్, ఆఫ్రికన్ యూనియన్, అందరూ ఒప్పుకున్న ఉమ్మడి ప్రకటన. మరి బెంగళూరులో జరిగిన ఆర్థిక మంత్రుల సమావేశం సంగతేంటి అంటే, "అది ఫెయిల్ అయింది కదా, రష్యా, చైనా సంతకం పెట్టలేదు" అంటారు. ఆ ఫిబ్రవరిలో ఇక్కడే ఉన్న మనిషిగా నాకు ఈ లెక్క అప్పుడూ నచ్చలేదు, మూడేళ్ళు గడిచాక ఇప్పుడూ నచ్చట్లేదు. ఆ ఏడాది పనికొచ్చే పని ఏదైనా జరిగిందంటే, అది సగానికి పైగా ఆ సమావేశం జరిగిన నంది హిల్స్ దగ్గరి రిసార్ట్‌లో, పేద దేశాల అప్పుల చర్చతో మొదలైందే అని నా వాదన. టీవీలో చూపించడానికి అందులో ఏమీ లేదు, అందుకే ఎవరికీ గుర్తు లేదు.

గుంటూరు నుంచి మా బాబాయి ఫోన్ చేసి, "ఏరా, ప్రపంచానికి అధ్యక్షులమయ్యామట కదా, మీటింగ్ మీ ఊళ్ళోనేనట, నువ్వేమైనా చూశావా?" అన్నాడు. నేను చూసిందల్లా ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద కొత్త రంగులు, పూలకుండీలు, తామరపువ్వు లోగో. మారతహళ్ళి వైపు మా రోడ్డుకు ఆ భాగ్యం దక్కలేదు, విదేశీ మంత్రులు ఇటు రారు కదా. "అధ్యక్షులమంటే ఏదైనా చేసెయ్యొచ్చా మరి?" అని బాబాయి అడిగాడు. చేసెయ్యలేం బాబాయ్ అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది, ఆయన ఒప్పుకోలేదు కూడా.

జీ20కి ఆఫీసు లేదు, శాశ్వత సిబ్బంది లేరు, చట్టబద్ధమైన అధికారం అసలే లేదు. 1997-98 ఆసియా సంక్షోభం దెబ్బ చూశాక 1999లో ఆర్థిక మంత్రులూ కేంద్ర బ్యాంకు గవర్నర్లూ కూర్చుని మాట్లాడుకోవడానికి పెట్టుకున్న వేదిక అది. దేశాధినేతలు వచ్చింది 2008లో, అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలాక. (ఆ సెప్టెంబర్‌లోనే మన రిజర్వ్ బ్యాంకు వై.వి.రెడ్డి గారి చేతిలోంచి దువ్వూరి సుబ్బారావు గారి చేతికి మారింది. ఆయన కుర్చీలో కూర్చున్న పది రోజులకు లేమన్ మునిగింది. ఒక తెలుగాయన దిగి ఇంకో తెలుగాయన ఎక్కేసరికి ప్రపంచం తలకిందులైంది, పాపం ఇద్దరికీ సంబంధం లేకపోయినా.) దేశాలను ఐదు గుంపులు చేసి, గుంపుల వారీగా వంతు తిప్పుతారు. మనది రష్యా, టర్కీ, దక్షిణాఫ్రికా ఉన్న గుంపు. రష్యా 2013లో, టర్కీ 2015లో చేశాయి, మనకు 2023లో వచ్చింది. నిజానికి 2022లో రావాల్సింది, ఇండోనేషియాతో మార్చుకున్నాం.

కాబట్టి ఆ కుర్చీ మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్ పదవి లాంటిది. ఎవరి చేతా బలవంతంగా మెయింటెనెన్స్ కట్టించలేడు, ఎవరి కారూ తీయించలేడు, తిట్లు మాత్రం ఆయనకే. కానీ మీటింగ్‌లో మొదట లిఫ్ట్ గురించి మాట్లాడాలా, బోరు గురించి మాట్లాడాలా అన్నది ఆయనే తేలుస్తాడు, మినిట్స్ బుక్కు ఆయన చేతిలోనే ఉంటుంది. ఎంత తక్కువ అధికారమో అంత ఎక్కువ అధికారం ఇది. నీళ్ళు రాని పై అంతస్తు వాళ్ళెవరైనా ప్రెసిడెంట్ అయితేనే బోరు సంగతి ముందుకొస్తుంది.

2023లో ఆ బోరు ఏంటంటే, అప్పులు.

కోవిడ్ తర్వాత పేద దేశాలు వరుసగా చేతులెత్తేశాయి. 2020 నవంబర్‌లో జాంబియా బాండ్ల వడ్డీ కట్టలేకపోయింది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక, అదే ఏడాది డిసెంబర్‌లో ఘనా. ఒకప్పుడైతే ఇలాంటి దేశం పారిస్ క్లబ్బుకు వెళ్ళేది. అప్పు ఇచ్చిన ధనిక దేశాలన్నీ అక్కడే ఉండేవి కాబట్టి, కష్టమో నష్టమో ఒక టేబుల్ దగ్గర తేలేది. ఇప్పుడు పెద్ద అప్పు ఇచ్చింది చైనా, అది ఆ క్లబ్బులో సభ్యురాలు కాదు. దాని పక్కన లండన్, న్యూయార్క్ బాండ్ల ఫండ్లు. ఇంకో పక్క ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి), "మేం మాత్రం తగ్గించుకోం, మా డబ్బు ముందు" అనేవి. అందరి భయం ఒకటే, నేను వదులుకున్న డబ్బుతో పక్కవాడి బాకీ తీరుస్తారేమోనని. అందుకని ఎవరూ ముందు కదలరు, ఈలోగా ఆ దేశంలో మందులకూ డీజిల్‌కూ డాలర్లు ఉండవు. దీనికోసం జీ20 వాళ్ళు 2020లోనే 'కామన్ ఫ్రేమ్‌వర్క్' అని ఒకటి పెట్టారు. పేరు గొప్ప. జాంబియా 2021 మొదట్లో అందులో అర్జీ పెడితే, దేశాలకు బాకీ ఉన్న 630 కోట్ల డాలర్ల మీద ఒప్పందం కుదిరింది 2023 జూన్‌లో. రెండేళ్ళ పైన! శ్రీలంకకు ఆ మాత్రం కూడా లేదు, మధ్య ఆదాయ దేశం కాబట్టి అర్హత లేదన్నారు.

ఇలాంటి స్థితిలో ఫిబ్రవరి 24, 25 తేదీల్లో బెంగళూరు సమావేశం. అధ్యక్షత నిర్మలా సీతారామన్ గారిది (నరసాపురం కోడలు, రాజ్యసభకు కర్ణాటక నుంచి, అంటే ఏ లెక్కన చూసినా ఇంటావిడే), పక్కన అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్. తేదీలు చూశారా? ఫిబ్రవరి 24 అంటే ఉక్రెయిన్ మీద రష్యా దాడికి సరిగ్గా ఏడాది. యుద్ధం గురించి గట్టిగా రాయాల్సిందే అని పాశ్చాత్య దేశాలు, ఇది ఆర్థిక మంత్రుల సమావేశం, ఆ ఊసు ఇక్కడెందుకని రష్యా, చైనా. చివరికి ఉమ్మడి ప్రకటన రాలేదు. దాని బదులు అధ్యక్ష స్థానం తరఫున ఒక సారాంశ పత్రం విడుదల చేసి, అందులోని 3వ, 4వ పేరాలకు రష్యా, చైనా తప్ప అందరూ ఒప్పుకున్నారని కింద ఫుట్‌నోట్ పెట్టారు. ఆ పేరాలు మూడు నెలల ముందు బాలి జీ20 శిఖరాగ్ర సమావేశంలో ఇవే దేశాలు ఒప్పుకున్నవి! మరుసటి రోజు పేపర్లన్నింటిలో ఆ ఫుట్‌నోటే హెడ్డింగు.

ఆ గోలలో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, 25వ తేదీన అక్కడే జరిగిన అప్పుల రౌండ్ టేబుల్. ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు, ఇండియా కలిసి అధ్యక్షత వహించాయి. అంతకు వారం ముందు ఆన్‌లైన్‌లో ఒకసారి కలిశారు, ఎదురెదురుగా కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. ఒకవైపు చైనా, సౌదీ, జీ7 దేశాలు, ప్రైవేటు రుణదాతలు. ఇంకోవైపు బాకీపడ్డ జాంబియా, ఘనా, ఇథియోపియా, శ్రీలంక లాంటివి. అప్పు ఉన్నవాడికి కూడా అప్పిచ్చినవాళ్ళతో పాటు కుర్చీ వేయడం అనే మామూలు విషయం జరగడానికి అన్నేళ్ళు పట్టింది. ఆ రోజే ఏదో తేలిపోయిందని అనను, తేడాలు అలాగే ఉన్నాయని ఐఎంఎఫ్ అధిపతి జార్జీవా అప్పుడే చెప్పారు. కానీ ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో మళ్ళీ కూర్చున్నప్పుడు ముడి కొంచెం వదులైంది. ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు తమ అప్పు లెక్కలను మొదట్లోనే అందరితో పంచుకోవాలి, ప్రపంచ బ్యాంకు లాంటివి పాత అప్పు మాఫీ చేయకపోయినా తక్కువ వడ్డీకి కొత్త డబ్బు ఇవ్వాలి, ఇదీ స్థూలంగా ఒప్పుకున్నది. ప్రపంచ బ్యాంకు లాంటివి కూడా తమ అప్పు తగ్గించుకోవాలని చైనా అంతకుముందు వరకూ పట్టుబట్టిన మెలిక అక్కడే వదులైంది. రెండు నెలల తర్వాత జాంబియా ఒప్పందం వచ్చింది. బెంగళూరు వల్లే వచ్చిందని నేను చెప్పలేను, కానీ బెంగళూరు ఫెయిల్ అనేవాళ్ళు ఈ వరుస ఒకసారి చూడాలి.

మన దేశం ఈ పని చేయడంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. 1991లో మనమే అవతలి వైపు ఉన్నాం. పి.వి. ప్రధాని అయిన కొత్తలో, ఆ జూలైలో, రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. మా నాన్న ఇప్పటికీ ఆ మాట ఎత్తితే గొంతు తగ్గించి మాట్లాడతారు, తాకట్టు పెట్టింది మా ఇంటి బంగారమే అన్నట్టు. 2023 నాటికి మనం అప్పిచ్చినవాళ్ళం కూడా. శ్రీలంకకు 2022లో దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం ఇచ్చాం, దాని అప్పు సర్దుబాటుకు సహకరిస్తామని ఐఎంఎఫ్‌కు రాతపూర్వకంగా హామీ ఇచ్చిన మొదటి రుణదాత దేశం మనమే, 2023 జనవరిలో. రెండు వైపులా కూర్చున్న అనుభవం ఉన్న దేశం ఆ టేబుల్‌కు అధ్యక్షత వహిస్తే మాటతీరు వేరుగా ఉంటుంది. ఇది దేశభక్తి కొద్దీ అనడం కాదు, చైనా మీద మనకున్న సొంత లెక్కలు కూడా అందులో కలిసే ఉన్నాయని నాకు తెలుసు.

ఇక మిగతా హడావుడి గురించి ఎక్కువ రాయను. 60 నగరాల్లో 200కు పైగా సమావేశాలు, బడ్జెట్‌లో 990 కోట్లు. విశాఖలో మార్చి చివర్లో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ గ్రూపు వాళ్ళు కూర్చుంటే, బీచ్ రోడ్డు ఎంత తళతళలాడుతోందో మా పిన్ని రోజూ ఫోటోలు పెట్టేది. ఢిల్లీలో కొన్ని మురికివాడలు కనిపించకుండా పచ్చ గుడ్డలు కట్టారు, అది సిగ్గుచేటు. కుర్చీలో కూర్చున్నవాడు తన సరుకు తాను అమ్ముకోవడం కూడా బాగానే జరిగింది. జీ20 దేశాల నుంచి బెంగళూరు, ముంబై, ఢిల్లీ ఎయిర్‌పోర్టుల్లో దిగినవాళ్ళకు మన బ్యాంకు అకౌంట్ లేకుండానే యూపీఐ వాడుకునే సదుపాయం ఇచ్చారు. ఆగస్టులో డిజిటల్ మంత్రులు మళ్ళీ బెంగళూరుకే వచ్చి, ఆధార్, యూపీఐ తరహా డిజిటల్ వ్యవస్థల గురించి ఒక ఉమ్మడి చట్రం ఒప్పుకున్నారు. అందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు, టీ కొట్టు దగ్గర పది రూపాయలు స్కాన్ చేసేవాడిని నేనూ.

ఢిల్లీ ప్రకటనకు రావాల్సిన పేరు దానికీ ఇవ్వాలి. 83 పేరాలు, ఒక్క ఫుట్‌నోట్ లేదు. షెర్పా (మన తరఫున చర్చలు నడిపిన ప్రతినిధి) అమితాబ్ కాంత్ లెక్క ప్రకారం 200 గంటల చర్చలు, 15 డ్రాఫ్టులు. రష్యా పేరెత్తి తప్పు పట్టకుండా యుద్ధం గురించి రాశారు, ఉక్రెయిన్‌కు అది నచ్చలేదు. నాకు ముఖ్యంగా తోచింది, ఆ రాతలో మనతో పాటు బ్రెజిల్, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా చెయ్యి కలపడం. అంటే ముందు కుర్చీలో ఉన్నవాళ్ళు, తర్వాత రాబోయేవాళ్ళు. 2022 నుంచి 2025 వరకూ వరుసగా నాలుగేళ్ళు ఆ పెన్ను ఎదుగుతున్న దేశాల చేతుల్లోనే ఉంది, అలా జరగడం అదే మొదలు. 55 దేశాల ఆఫ్రికన్ యూనియన్‌కు శాశ్వత సభ్యత్వం ఆ నాలుగేళ్ళ ఫలమే. జైశంకర్ వెళ్ళి, అప్పటి ఆ యూనియన్ అధ్యక్షుడు అజాలి అసౌమానిని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టిన వీడియో మీరు చూసే ఉంటారు. తర్వాత బ్రెజిల్ ఆకలి మీద కూటమి పెట్టింది, అపర కుబేరుల మీద పన్ను గురించి మాట్లాడించింది. దక్షిణాఫ్రికా మళ్ళీ అప్పులనీ, పేద దేశాలు కట్టే ఎక్కువ వడ్డీలనీ పట్టుకుంది. అమెరికా జోహన్నెస్‌బర్గ్‌కు రానే లేదు.

ఇప్పుడు 2026, కుర్చీ అమెరికాది. దక్షిణాఫ్రికాకు పిలుపు ఉండదని ట్రంప్ ముందే చెప్పేశారు. సభ్య దేశాన్ని పిలవకుండా ఉండటం అధ్యక్షుడి హక్కా అని అడిగితే, రూల్స్ బుక్కే లేని చోట ఏమని చెబుతాం. రూల్స్ లేకపోవడం 2023లో మనకు పనికొచ్చింది, ఇప్పుడు వాళ్ళకు పనికొస్తోంది. తర్వాత 2027లో బ్రిటన్, 2028లో దక్షిణ కొరియా. మనకు మళ్ళీ వంతు రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

అందుకే నేను ఢిల్లీ 83 పేరాల కన్నా రెండు విషయాలనే లెక్కేసుకుంటాను. ఆఫ్రికన్ యూనియన్ సీటు, దాన్ని ఇప్పుడు ఎవరూ సులువుగా లాగేయలేరు. అప్పుల రౌండ్ టేబుల్, అది జీ20 పేరుతో మాత్రమే బతకట్లేదు, ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు దగ్గర సొంతంగా నడుస్తోంది. అప్పుల్లో పడ్డ దేశం ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కాలో చెప్పే ఒక మార్గదర్శి కూడా 2025 ఏప్రిల్‌లో విడుదల చేశారు. మిగతావన్నీ ఎవరు కుర్చీ ఎక్కితే వాళ్ళు కొట్టేయగలిగినవే.

మొన్న బాబాయి మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి బ్రిక్స్ అనే ఇంకో దేశాల కూటమి గురించి. "మళ్ళీ మనమే అధ్యక్షులమట కదరా!" అవును బాబాయ్, 2026లో మనమే. మీటింగ్ బెంగళూరులో పెడితే మా రోడ్డు మీదుగా పెట్టమని ఎవరికైనా చెప్పు, అన్నాను.