అన్నం గిన్నం

టెక్సాస్‌లో సెప్టెంబర్ 1 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటారు. మా అమ్మాయికి ఆగస్టు చివర్లో నిండాయి. తరగతిలో దాదాపు అందరికన్నా చిన్నది.

మొదటి నెలలోనే ఇంటికి ఒక పని ఇచ్చి పంపారు. ‘క్యాట్’లో మొదటి శబ్దం తీసి, అక్కడ ‘బ్యాట్’లోని మొదటి శబ్దం పెట్టాలి. అది బిక్కమొహం వేసింది. సాయం చేద్దామని నేను ‘బ, యా, ట’ అని ఒక్కొక్కటే పలికాను. అది శ్రద్ధగా కలిపి ‘బయాట’ అంది.

నేను పలికినదాన్నే కలిపింది, పాపం. మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయి. బస్సు, కప్పు, పెన్ను అంటూ అరువు మాటలకు కూడా చివర అచ్చు తగిలించుకుంటాం. అక్షరాల శబ్దాలు కలిపి చదవడం నేర్పే ఫోనిక్స్‌లో మాత్రం హల్లును అచ్చు అంటకుండా పలకాలి. టీచరు ఆ మాట చెప్పిన రోజు సాయంత్రం నాకు పొల్లు గుర్తుకొచ్చింది. బోర్డు మీద బ్, యా, ట్ అని రాసి, “తోక ఉన్న అక్షరం దగ్గర గొంతు ఆగిపోవాలి” అన్నాను. ఆ తోకను వేలితో తడిమి, మూడింటినీ కలిపి ‘బ్యాట్’ అంది. మధ్యలో ఉన్న ఆ అచ్చుకు మన లిపిలో వేరే అక్షరం లేదు కానీ, మేక, మేడ అనేటప్పుడు మన నోట వినిపించేది ఇంచుమించు అదే.

కలపడం వచ్చింది, మార్చడం మాత్రం రాలేదు. ఆ వారం తెనాలి నుంచి మా అమ్మ ఫోను చేసి, “అన్నం గిన్నం తిన్నావా, తల్లీ?” అని అడిగింది. “గిన్నం అంటే ఏమిటి అమ్మమ్మా?” అని ఇది. మా అమ్మ నవ్వి, “అన్నం లాంటివన్నీ” అంది.

నేను వంటగదిలో అలాగే నిలబడిపోయాను. పాలూ గీలూ, చొక్కా గిక్కా, పుస్తకం గిస్తకం. మాట మొదలు తీసేసి, హ్రస్వమైతే ‘గి’, దీర్ఘమైతే ‘గీ’ పెడుతున్నాం. ఎవరూ పాఠం చెప్పకుండానే ఇంత సూక్ష్మమైన లెక్క మన చెవికి పట్టుబడింది. మనం హల్లుతోపాటు అచ్చునూ మారుస్తాం, బడి పనిలో హల్లు ఒక్కటే మారాలి. అంతే తేడా.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆట మొదలుపెట్టాం. పిజ్జా గిజ్జా, టేబుల్ గీబుల్. పది నిమిషాల్లో అదే నాకు మాటలు అందిస్తోంది. “ఇప్పుడు గి వద్దు, హెన్‌లో మొదటిది తీసి ‘ప్’ పెట్టు” అన్నాను. “పెన్!” అని కుర్చీలోంచి లేచింది. ఆ వెంటనే తనంతట తనే టెన్, మెన్.

ఇంగ్లీషు కుదురుకునేదాకా ఇంట్లో తెలుగు ఆపమని తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు మంచి మనసుతోనే సలహా ఇచ్చారు. ఆపి ఉంటే గిన్నం దానికి ఎక్కడ వినబడేది?

ఇంగ్లీషులో అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44. చాలా దూరం ఉంది. ఇప్పుడు ‘వి’, ‘డబ్ల్యు’ దగ్గర ఉన్నాం. మనకు రెండింటికీ ఒకటే ‘వ’. ఒకదానికి పై పళ్లు కింది పెదవికి ఆనించాలి, రెండోదానికి పెదవులు సున్నాలా చుట్టాలి. రోజూ పళ్లు తోముకున్నాక ఇద్దరం అద్దం ముందు నిలబడి ‘వ్యాన్’ (van), ‘వెట్’ (wet) అంటున్నాం. నా పెదవి తప్పితే అది వేలు పెట్టి సరిచేస్తోంది.