పేపర్‌కు పొడి రాలే దాకా

షార్జాలో రంగులు, చెక్క పాలిష్ పనికి వచ్చి పదకొండేళ్లు దాటింది. కొత్త తలుపులకు రంగు వేసిన రోజులకంటే, ఆరకముందే ముట్టుకుని పాడుచేసిన తలుపులను బాగుచేసిన రోజులే నా లెక్కలో ఎక్కువ.

మాది నిజామాబాద్ జిల్లా. మా నాన్న ఉడకబెట్టిన పసుపును కళ్లంలో పది పదిహేను రోజులు ఎండబోసి, రోజూ ఒక కొమ్మును తీసి విరిచి చూసేవాడు. అది టక్కుమని శబ్దం చేస్తూ విరిగితేనే ఎండినట్టు. వంగితే, పైన ఎంత గలగలలాడినా, లోపల పచ్చి ఉన్నట్టే. చెక్క మీది పూత విషయంలోనూ నేను అదే పరీక్ష చేస్తాను. ఎవరికీ కనిపించని మూలన సన్నటి ఎమరీ పేపర్‌తో నాలుగుసార్లు రుద్దితే, ఆరిన పూత తెల్లటి పొడిగా రాలుతుంది, ఆరనిది ముద్దలు కట్టి పేపర్‌కు అంటుకుంటుంది. వేలితో తాకి చూసి ఆరిందనుకోవడం చాలా మంది చేసే పొరపాటు.

ఈ ఊరి గాలి మా ఊరి గాలి లాంటిది కాదు. ఆగస్టు రాత్రుల్లో ఏసీ ఉన్న ఇళ్ల కిటికీ అద్దాలకు బయటి వైపున నీటిబొట్లు కారుతుంటాయి. అలాంటప్పుడు లాక్కర్, అంటే త్వరగా ఆరే మెరుపు పూత, కొడితే, దాన్ని పలుచన చేసే థిన్నర్ వేగంగా ఆవిరైపోతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది; ఆ చల్లదనానికి గాలిలోని తేమ తడి పూత మీద పేరుకుని, టేకు రంగు మీద పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది. నిదానంగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్‌ను పలుచగా స్ప్రే చేస్తే పూత మళ్లీ మెత్తబడి, చిక్కుకున్న తేమ బయటికి పోయి, చాలాసార్లు చెక్క రంగు తిరిగి తేలుతుంది. అయితే గాలిలో తేమ 85 శాతం దాటిన రోజున డబ్బా మూత తీయకపోవడమే మంచి పని, ఆ మాట ఫోర్‌మన్‌కు చెప్పడానికి నాకు అయిదేళ్ల అనుభవం కావలసి వచ్చింది.

ఒక విల్లాలో జరిగింది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. ఇంటివాళ్లు మర్నాడే దిగుతున్నారని, ముందు తలుపుకు ఆయిల్ ఎనామిల్ ఒకే రోజు రెండు కోట్లు, అదీ మందంగా, వేయించారు. నేను వద్దన్నాను, కానీ గట్టిగా అనలేదు. తెల్లవారేసరికి పైన మీగడ కట్టింది, అడుగున పచ్చిగానే ఉంది. తలుపంతా ముడతలు పడింది. రాత్రి తలుపు మూసిన చోట చౌకట్టు రబ్బరుకు రంగు అంటుకుని, తెరవగానే పెచ్చులుగా ఊడివచ్చింది. మొత్తం గీకి, గరుకైన 120 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి సన్నటి 320 దాకా రుద్ది, కొత్తగా వేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల అదనపు గంటలకు నాకు డబ్బు రాలేదు.

లోపాలను సరిదిద్దడంలోనూ ఎక్కువ భాగం ఎదురుచూపే. ముందుగా దీపాన్ని గోడకు పక్కవాటుగా పెట్టి చూడాలి. ఎదురుగా నునుపుగా కనబడే గోడ మీద గుంటలన్నీ అప్పుడు నీడలుగా తేలుతాయి. వాటి చుట్టూ పెన్సిల్‌తో గీసుకుని లప్పం (పుట్టీ) పెడతాను. లప్పం ఆరేకొద్దీ కుంగుతుంది గనుక లోతైన గుంటను ఒకేసారి నింపకూడదు. పలుచగా పెట్టి, పూర్తిగా ఆరాక మళ్లీ పెట్టి, అంచులను చుట్టుపక్కల గోడలో కలిసేలా రుద్దాలి.

పోయిన నెలలో ఒక తెలుగువారి ఇంట్లో, వాళ్లు ఊరినుంచి తెచ్చుకున్న టేకు బల్ల మీద ఏదో బరువు పడి సొట్ట పడింది. పాలిష్ తీసేసి, తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెను కొద్దికొద్దిగా ఆనిస్తే, ఆవిరికి నలిగిన నారలు ఉబ్బి సొట్ట పైకి లేచింది. చూస్తుండగానే చదునవడంతో ఆ ఇంటి పెద్దాయన సంతోషించి, ‘ఇక పాలిష్ కొట్టేయ్ బాబూ’ అన్నారు. తడిగా ఉబ్బిన చెక్కను ఇప్పుడే రుద్దితే ఆరాక అక్కడే పల్లం పడుతుందనీ, రెండు రోజులు ఆగాలనీ చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, బల్ల చుట్టూ కుర్చీలు అడ్డంగా పెట్టించి, పిల్లలను అటు రావద్దన్నారు.

మూడోనాడు నేను వెళ్లేసరికి కుర్చీలు అలాగే ఉన్నాయి. పేపర్ ఆనించాను, సన్నటి టేకు పొడి అరచేతిలోకి రాలింది.