8ఏ దాటితే 9 దాకా పోవాల్సిందే

అమెరికాలోని న్యూజెర్సీ టర్న్‌పైక్ అనే టోల్ హైవే మీద ఉత్తరంగా వెళ్తూ ఎగ్జిట్ 8ఏ దాటేశామంటే, 9 రావడానికి తొమ్మిది మైళ్ల పైనే పోవాలి. మధ్యలో వెనక్కి తిరిగే దారి లేదు. క్రాన్‌బరీ, మన్రో గోదాముల్లో షిఫ్టుకెళ్లేవాళ్లకీ, ఆ వైపు డెలివరీ వ్యాన్లు నడిపేవాళ్లకీ ఆ 8ఏతోనే పని. తప్పితే 9లో దిగి, టోలు కట్టి, మళ్లీ ఎక్కి రావాలి. అంకె ఒక్కటే కదా తేడా అనుకున్న కొత్తవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

టర్న్‌పైక్‌వి వరస నంబర్లు, మన హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద ఉన్నట్టే. 8కీ 9కీ నడుమ తర్వాత ఇంకోటి కట్టారు కాబట్టి అది 8ఏ అయింది. అదే రాష్ట్రంలోని ఇంకో హైవే గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద లెక్క వేరు. అక్కడ ఎగ్జిట్ 129 అంటే దక్షిణాన కేప్ మే వైపు నుంచి దాదాపు 129వ మైలు. ఇలాంటి మైళ్ల రోడ్ల మీద ఏ, బీ అక్షరాలు కనిపిస్తే ఒకే మైలులో రెండు ఎగ్జిట్లున్నాయన్నమాట. టర్న్‌పైక్ ఉత్తర కొసన రోడ్డు రెండు పాయలవుతుంది, అక్కడి 15ఈ, 15డబ్ల్యూల్లో అక్షరం తూర్పు పాయదా, పడమటి పాయదా అని చెబుతుంది. మ్యాపు డేటాలో మాత్రం ఈ నంబర్లన్నీ ఒకే గడిలో పడతాయి. కాబట్టి ఏ రోడ్డో తెలియకుండా నంబరు చూసి దూరం లెక్కగట్టకండి.

ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మాండ్ లాంటి దారి చూపే యాప్‌లు వాడేది జనం గీసిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా. అందులో ఎగ్జిట్ ఒకే ముక్కగా ఉండదు. మెయిన్ రోడ్డు గీత నుంచి ర్యాంపు విడిపోయే బిందువుకి మోటర్‌వే_జంక్షన్ అని ట్యాగ్ (గుర్తు) పెట్టి, నంబరు రెఫ్ అనే గడిలో రాస్తారు. ర్యాంపు గీత మోటర్‌వే_లింక్. బోర్డు మీది ఊళ్లు డెస్టినేషన్‌లోకి, రూటు నంబర్లు డెస్టినేషన్:రెఫ్‌లోకి, వీధి పేరు డెస్టినేషన్:స్ట్రీట్‌లోకి వెళ్తాయి. ఒకటికి మించి ఉంటే మధ్యలో సెమీకోలన్. యాప్ పలికే వాక్యం వీటిని అతికించి తయారు చేసిందే. నంబరు చెప్పి ఊరు పేరు మింగేసిందంటే, చాలాసార్లు ర్యాంపు మీద డెస్టినేషన్ ఖాళీగా ఉందన్నమాటే.

ఎడిసన్ వైపు దిగే ఎగ్జిట్ 10 చూడండి. టర్న్‌పైక్ నుంచి ర్యాంపు విడిపోయే చోట నంబరుంది, బోర్డుంది. టోల్ ప్లాజా దాటాక దారి మళ్లీ చీలి, ఒకటి ఐ 287 హైవేకి, ఇంకోటి ఎన్‌జే 440 హైవేకి పోతుంది. ఆ రెండో చీలికకి నంబరు లేదు. అక్కడి లింకుల మీద డెస్టినేషన్:రెఫ్ లేకపోతే యాప్ "ఎడమ పక్కన ఉండండి" అని మాత్రమే అంటుంది. నిజంగా తప్పిపోయేది అక్కడే.

ఇంకో చిక్కు బిందువు ఎక్కడ పెట్టారన్నది. రోడ్డు మీద తెల్లగీతల త్రికోణం మొదలయ్యే దగ్గర, అంటే ఇంక లేన్ మారకూడదన్న చోట, లింకు విడిపోవాలి. కొందరు ఎగ్జిట్ లేన్ పుట్టిన దగ్గర్నుంచే వేరే గీత లాగేస్తారు. అప్పుడు యాప్ ముందే తొందరపెడుతుంది, పైగా ఆఖరి నిమిషంలో లేన్ మారినవాళ్లు ఎగ్జిట్ దాటిపోయారనుకుని కొత్త దారి వెతుకుతుంది. రోడ్డు పక్క ఇనప కంచె (గార్డు రైలు) మొదలయ్యేదాకా లాగకుండా ఉంచితే ఇంకా అన్యాయం, యాప్ ఆలస్యంగా చెబుతుంది. 65 మైళ్ల వేగంలో సెకనుకి 95 అడుగులు పోతాం, 300 అడుగుల పొరపాటంటే మూడు సెకన్లు. ఎగ్జిట్ లేన్‌ని మెయిన్ రోడ్డులోనే ఉంచి, లేన్ల సంఖ్య ఒకటి పెంచి, ఏ లేన్ ఎటు పోతుందో చెప్పే టర్న్:లేన్స్ రాయడం సరైన పద్ధతి. ఎడమ నుంచి కుడికి, నిలువు గీతలతో విడదీసి రాయాలి. లేన్స్ నాలుగని చెప్పి టర్న్:లేన్స్‌లో మూడే రాస్తే తెర మీది బాణాలు నమ్మడానికి ఉండవు.

టర్న్‌పైక్ మీద తలనొప్పి ఇంకోటుంది. ఎగ్జిట్ 6 నుంచి ఉత్తరంగా చాలా దూరం ఒక్కో దిశలో రెండేసి రోడ్లు: లోపలిది కార్లకే, బయటిది లారీలు, బస్సులు, కార్లకి. రెంటికీ వేరే ర్యాంపులు కాబట్టి ఒకే దిశలో ఒకే నంబరుతో రెండు బిందువులు ఉంటాయి. ఇది తప్పనుకుని ఒకటి తీసేయకండి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది, దాంతో మీరు ఏ రోడ్డు మీద ఉన్నారో యాప్‌కి తేలదు. అది చెప్పే దూరం కంటే తల పైన ఉన్న ఆకుపచ్చ బోర్డుని నమ్మడం మేలు.

మ్యాపుని సరిదిద్దాలంటే బ్రౌజర్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల ఐడీ ఎడిటర్ చాలు. పక్క సీట్లో ఉన్నవాళ్లు తీసిన ఫొటో గానీ, డాష్‌క్యామ్ గానీ ఆధారంగా పెట్టుకోండి. గూగుల్ స్ట్రీట్ వ్యూ చూసి రాయకూడదు, లైసెన్సు ఒప్పుకోదు. మసాచుసెట్స్ 2020, 2021లలో చేసినట్టు రాష్ట్రం నంబర్లు మారిస్తే పాతది చెరిపేయకుండా ఓల్డ్_రెఫ్‌లో ఉంచండి, జనం ఇంకా దాంతోనే దారి చెప్పుకుంటుంటారు. దిద్దింది వెబ్‌సైటులో నిమిషాల్లో కనిపిస్తుంది. ఫోన్లోని ఆఫ్‌లైన్ మ్యాపులోకి మాత్రం కొత్త ఫైలు దింపుకున్నాకే వస్తుంది. ఆస్మాండ్‌లో అది మామూలుగా నెలకోసారి.