స్కాట్లాండ్ గాలికి పై బెర్త్

జూన్ నెలలో స్కాట్లాండ్ ఉత్తర తీరంలో నలుగురికి హోటల్ గదులు వెతకడం మొదలుపెడితే, కాసేపటికి క్యాంపర్ వ్యాన్ అద్దె చవగ్గా కనబడుతుంది. ఇన్వర్నెస్‌లో బయల్దేరి పడమటి తీరం, ఉత్తరపు అంచు చుట్టి మళ్ళీ ఇన్వర్నెస్‌కే చేరే దారి మాది, 516 మైళ్లు. 2015లో దానికి నార్త్ కోస్ట్ 500 అని పేరు పెట్టి ప్రచారం చేశాక వేసవిలో అటు జనం పెరిగిపోయారు. మేము ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటాం. అమ్మ అవనిగడ్డ నుంచి వేసవికి వచ్చింది. అమ్మ, నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మావాడు. ఫోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్‌ని క్యాంపర్‌గా మార్చిన వ్యాన్ ఒకటి తీసుకున్నాం. వెనక సీటు మడిచి పరిస్తే ఇద్దరు, కప్పు పైకి లేపితే అక్కడ ఇద్దరు పడుకోవచ్చు.

ఈ లేచే కప్పునే పాప్ టాప్ అంటారు. మూసి ఉన్నంతసేపూ వ్యాన్ ఎత్తు రెండు మీటర్లకి అటూ ఇటూ, ఇరుకు రోడ్ల మీద మామూలు బండిలాగే పోతుంది. ఆగాక కప్పు లేపితే చుట్టూ కాన్వాసు గోడలతో పైన ఒక చిన్న గది తయారవుతుంది.

అద్దెకిచ్చే యార్డులో కుర్రాడు ఎలా లేపాలో చూపించాడు. మొదట పక్క తలుపు తెరిచి పెట్టాలి. ముందు సీట్ల నెత్తిమీద, రెండు మూలల్లో ఉన్న నల్ల పట్టీల బకిల్స్ విప్పాలి. తర్వాత రెండు అరచేతులూ కప్పుకి ఆనించి పైకి తోయాలి. మొదటి జానెడు బరువు మనది, ఆ తర్వాత గ్యాస్ రాడ్లే ఎత్తుకుంటాయి. మడతలు పడి ఉన్న కాన్వాసు టప్‌మని బిగుసుకుంటుంది. లేచేది ముందువైపే. వెనకవైపు కప్పు కీళ్ల మీదే ఉండిపోతుంది. అందుకని పైన పడుకునేవాళ్ళ తల ఎప్పుడూ డ్రైవరు సీటు వైపే ఉండాలి. కాళ్ల దగ్గర మోకాలు మడిచే ఎత్తు కూడా ఉండదు.

పడక వేరే సంగతి. అదొక ప్లైవుడ్ పలక, దాని మీద పల్చటి ఫోము పరుపు. పగలు దాన్ని కప్పుకి ఆనించి పెడితే కింద నిటారుగా నిలబడి వంట చేసుకోవచ్చు. రాత్రికి కిందికి లాగితే పైన మంచం వస్తుంది, కింద నిలబడే చోటు పోతుంది. పలక కిందికి దించి ఉండగా స్టవ్ వెలిగించనే కూడదని ఆ కుర్రాడు రెండుసార్లు చెప్పాడు. మంట నేరుగా దానికి తగులుతుంది, మూసిన వ్యాన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు భయం సరేసరి.

"అంటే పైనున్నవాళ్ళు లేచేదాకా నాకు కాఫీ లేదన్నమాట," అంది అమ్మ.

అన్నమాటే. అమ్మ అవనిగడ్డలో అయినా రెడింగ్‌లో అయినా ఐదింటికి లేచే మనిషి. ఈ ఒక్క ఏర్పాటు మా ప్రయాణం మొత్తానికి టైమ్‌టేబుల్ రాసేసింది.

పలక అంచున అది ఎంత బరువు మోస్తుందో స్టిక్కరు అంటించి ఉంది. మా ఆవిడ దాన్ని శ్రద్ధగా చదివి నా పొట్ట వైపు చూసింది. ఏమీ అనలేదు. పైన నేనూ మావాడూ, కింద అత్తా కోడళ్ళూ అని అక్కడికక్కడే తేలిపోయింది.

నిచ్చెన లేదు. పక్క సీటుని వెనక్కి తిప్పి, దాని మీద నిలబడి, పలక అంచున కూర్చుని, ఒంటిని మెలితిప్పి కాళ్లు లోపలికి లాక్కోవాలి. మావాడు కోతిలా ఎక్కేశాడు. నేను ఎక్కుతుంటే కింద నుంచి "మెల్లగా నాన్నా, తల, తల" అని అమ్మ, "అత్తయ్యా, మీరు ఇవతలకి రండి, మీద పడతారు" అని మా ఆవిడ. రైల్లో పై బెర్తు ఎక్కి పాతికేళ్లు దాటింది. అక్కడైనా పట్టుకోవడానికి ఇనప కడ్డీ ఉంటుంది. ఇక్కడ పట్టుకోవాలనిపించే ప్రతిదీ పట్టుకోకూడనిదే. కాన్వాసుని లాగకూడదు, గ్యాస్ రాడ్డుని తాకకూడదు, వంటగట్టు అంచున కాలు పెట్టకూడదు. పిల్లలు దొర్లి పడిపోకుండా, ఎక్కే సందుకి అడ్డంగా కట్టడానికి ఒక వల ఇచ్చారు. దాన్ని లోపలి నుంచే కొక్కాలకి తగిలించాలి. అంటే అందరికంటే ఆఖర్న ఎక్కేవాడు దాన్ని వేసుకుని, అర్ధరాత్రి బాత్‌రూమ్‌కి దిగాలంటే చీకట్లో ఆ కొక్కాలు వెతుక్కోవాలి. ఆ ఆఖరివాణ్ణి నేనే.

పడమటి తీరంలోని ఆపిల్‌క్రాస్‌కి వెళ్లే బెలక్ నా బా కనుమ దారి గురించి అందరూ భయపెట్టారు. సముద్ర మట్టం నుంచి 626 మీటర్లకి ఎక్కుతుంది. మొదట్లోనే కొత్తగా నేర్చుకునేవాళ్ళు, పెద్ద బండ్లు, కారవాన్లు వద్దని బోర్డు ఉంటుంది. మా వ్యాన్ అంత పెద్దది కాదు కాబట్టి ఎక్కేశాం. ఎక్కే ముందు కిందకి దిగి నెత్తిమీది రెండు బకిల్స్ మళ్ళీ లాగి చూశాను. ఆ అలవాటు చివరిదాకా పోలేదు. హెయిర్‌పిన్ మలుపుల్లో ఎదురుగా వచ్చే బండ్లకి దారి ఇవ్వడానికి పాసింగ్ ప్లేస్‌లు ఉంటాయి. అక్కడ ఆగినప్పుడల్లా అవతలి డ్రైవరు చెయ్యి ఊపుతాడు. వెనక సీట్లోంచి అమ్మ అందరికీ తిరిగి చెయ్యి ఊపింది.

అవతల దిగాక సాయంత్రం గాలి పూర్తిగా పడిపోయింది. సముద్రం అద్దంలా ఉంది. ఎంత బావుందో అనుకుంటూ పైన కాన్వాసు కిటికీ జిప్పు బార్లా తెరిచాను. పది నిమిషాల్లో మిడ్జ్‌లు వచ్చాయి. ఆవగింజ కంటే చిన్న ఈగలవి, కుట్టేది ఆడవే. గాలి గంటకి 11 కిలోమీటర్లు దాటితే ఇవి ఎగరలేవు, గాలి పడిపోతే గుంపులుగా దిగుతాయి. పై గది కిటికీకి రెండు పొరలు ఉంటాయి, బయట కాన్వాసు, లోపల తెర. మామూలు దోమతెరలోంచి ఇవి నడిచి వచ్చేస్తాయి. దీని తెర వేలితో రాస్తే పట్టుగుడ్డలా తగిలే అంత సన్నటి అల్లిక. అది మూసి కాన్వాసు మాత్రం తెరిస్తే గాలి వస్తుంది, మిడ్జ్ రాదు. మావాడు తెరకి ఇవతల ముక్కు ఆనించి, అవతల వాలినవాటిని లెక్కపెడుతూ నిద్రపోయాడు.

నిద్రపోయాడంటే అది రాత్రని కాదు. జూన్‌లో అక్కడ పదింటికి కూడా వెలుగే. తెల్లవారుజామున నాలుగింటికల్లా మళ్ళీ వెలుగు. కింద కిటికీలకి నల్లటి మందపాటి తెరలున్నాయి, కింద పడుకున్నవాళ్ళకి రాత్రి అనేది ఒకటి ఉంది. పైన ఉన్నది లేతరంగు గుడ్డ. నాలుగింటికి నా కళ్ళ ముందు మొత్తం వెలిగిపోయేది. అమ్మ ఐదింటికి లేచి కింద గొంతు సవరించుకునేది. ఆ సవరింపుకి అర్థం "కాఫీ" అని నాకు రెండో పొద్దుకి తెలిసింది. నేను దిగడం, మావాణ్ణి నిద్రలోనే కింది పక్క మీదకి దించడం, పలకని పైకి నెట్టడం, స్టవ్ వెలిగించడం. ఇన్‌స్టంట్ కాఫీ అమ్మకి నచ్చదు, కానీ దానికోసం ఇంత జరిగాక నచ్చలేదని అనలేకపోయింది.

ఉల్లాపూల్‌లో వాన. కాన్వాసు మీద వాన చప్పుడు బావుంటుందని ఎవరైనా చెబితే నమ్మొచ్చు, మొదటి గంట వరకూ. ఆ తర్వాత గమనించేది తేమ. ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలిన ఊపిరి చల్లటి ఫైబర్ కప్పుకి తగిలి నీటి బొట్లవుతుంది. పొద్దున్నే వేలితో గీస్తే గీత పడింది, ఒక బొట్టు మావాడి నుదుటి మీద పడింది. పరుపు కింద పలకతో కలిసే చోట కూడా చెమ్మ. హీటరు వేస్తే వేడి కింద నుంచి లేచి నేరుగా పైకే వస్తుంది. అమ్మకి కాళ్లు చల్లగా ఉన్నాయని ఇంకొంచెం పెంచితే పైన మాకు ఉక్కపోత. ఆపేస్తే గుడ్డ గోడల మీదుగా చలి అరగంటలో దిగిపోతుంది. చివరికి మేము కుదుర్చుకున్న పద్ధతి ఇదీ: పడుకునే ముందు బాగా వేడి చేసి ఆపేయడం, పైన కిటికీ నాలుగు వేళ్ల మందం తెరిచి ఉంచడం, పొద్దున్నే పరుపు ఎత్తి గోడకి నిలబెట్టడం. చలికి కిటికీ మూసేస్తే చెమ్మ రెట్టింపవుతుంది. తెరిచి, ఇంకో దుప్పటి కప్పుకోవడమే మేలు.

అక్కడే పక్క స్థలంలో ఒక ముసలి దంపతుల పాత ఫోక్స్‌వ్యాగన్ ఉంది. దాని కప్పు ముందుకి కాదు, పక్కకి లేస్తుంది, ఎర్ర తెల్ల చారల గుడ్డతో. కెంట్ తీరంలో ఫోక్‌స్టన్‌లో మార్టిన్ వాల్టర్ అనే సంస్థ 1950ల్లోనే డోర్మొబైల్ పేరుతో ఇలాంటి కప్పులు పెట్టి బండ్లు తయారుచేసేది. మావాడు వదలకుండా చూస్తుంటే ఆయన లోపలికి పిలిచి చూపించాడు. అందులో పలక లేదు, పరుపు లేదు. కప్పుకి రెండు వైపులా ఆసుపత్రి స్ట్రెచర్లలా చెరో గుడ్డ పడక. ఒకసారి పడుకుంటే పక్కకి తిరగడం కుదరదని, ఆయన పిల్లలు పదేళ్లు వచ్చేదాకా అందులోనే పడుకున్నారని చెప్పాడు. మా పలకంటే ఒక్కసారిగా గౌరవం పెరిగింది.

డర్నెస్ ఉత్తరపు అంచు. క్యాంప్‌సైట్ కొండ కొమ్మున, కింద సముద్రం. చేరేసరికి చిన్నపాటి గాలి. దృశ్యం కోసం వ్యాన్ ముక్కు సముద్రం వైపు పెట్టి కప్పు లేపాం. రాత్రి గాలి పెరిగింది. ముందు కాన్వాసు చప్పట్లు కొట్టినట్టు మొదలై, తర్వాత ఒక్కో విసురుకి కప్పు మొత్తం చిన్నగా కదలడం మొదలుపెట్టింది. మావాడికి అది ఉయ్యాల. ఈ కప్పు తెరుచుకునేది ముందుకి. గాలి ముందు నుంచి వస్తే నిలువు గుడ్డగోడకి తగిలి కప్పుని పైకి ఎత్తడానికి చూస్తుంది. వెనక నుంచి వస్తే ఏటవాలు కప్పు మీదుగా జారిపోతుంది. అంటే వ్యాన్‌ని తిప్పాలి. కప్పు లేచి ఉండగా బండి కదపకూడదు.

నేను ఇంకా లెక్కలు వేసుకుంటుంటే కింద నుంచి అమ్మ లేచి కూర్చుంది. "దించెయ్యరా, ఆలోచించకు," అంది.

అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు పదహారేళ్లది. ఆ రాత్రి గురించి ఆమె మాతో ఎక్కువ మాట్లాడదు. గాలి మాత్రం ఆమెకు తెలుసు, విసురుకీ విసురుకీ మధ్య వ్యవధి తగ్గితే అది తగ్గే గాలి కాదని. డర్నెస్ గాలి ఉప్పెన గాలి కాదు, ఆ మాట ఆమే అంది. అయినా "గుడ్డని గాలికి వదిలిపెట్టే పని ఏంటి మనకి" అని కూడా అంది.

దించడం లేపినంత సులువు కాదు. మావాణ్ణి కింద అమ్మ పక్కలోకి పంపాం. దుప్పట్లూ దిండ్లూ కిందికి విసిరి, పలక పైకి నెట్టి, లోపలి గాలి పోవడానికి, బయటి గాలి తగలని వైపు తలుపు కాస్త తెరిచాం. మూసిన వ్యాన్ మీదకి కప్పు దింపితే లోపలి గాలే దాన్ని ఆపుతుంది. నేను రెండు పట్టీలు పట్టుకుని వేలాడాను. మా ఆవిడ సీటు మీద నిలబడి, కిందికి వస్తున్న కాన్వాసుని రెండు చేతులా లోపలికి లాగుతూ వచ్చింది. గుడ్డ చుట్టూ ఎలాస్టిక్ తాడు ఉంది, మామూలుగా అదే లోపలికి ముడుస్తుంది. గాలి బయటికి ఊదుతుంటే ఆ తాడు చాల్లేదు. కప్పు అంచుకీ వ్యాన్‌కీ మధ్య మడత చిక్కితే గుడ్డ చిరిగిపోతుంది, బకిల్ కూడా పడదు. "ఆగండి, ఎడమవైపు, ఎడమవైపు ఇంకా బయటే ఉంది" అని ఆమె, వేలాడుతూ నేను. రెండు బకిల్స్ పడ్డాక వ్యాన్‌లో ఒక్కసారిగా చప్పుడు సగమైపోయింది.

తర్వాత వ్యాన్‌ని వెనక్కి తిప్పి పెట్టాను, కప్పు మాత్రం మళ్ళీ లేపలేదు. మిగిలిన రాత్రి మావాడూ అమ్మా కింది పక్క మీద, మేమిద్దరం ముందు సీట్లు వెనక్కి తిప్పి కాళ్లు చాపుకుని. పొద్దున అమ్మకి నాలుగున్నరకే కాఫీ దొరికింది, అడ్డు పలక లేదు మరి. స్మూ గుహ చూడ్డానికి వెళ్ళేసరికి టికెట్టు కిటికీ ఇంకా తెరవలేదు, నడిచి వెళ్ళి గుహ నోరు చూసి వచ్చాం.

అక్కడి నుంచి తూర్పు తీరం త్వరత్వరగా దాటేశాం. అది అందంగానే ఉంది, కానీ పడమర చూసిన కళ్ళకి ఆనదు. దారిలో ఎండ తగిలిన ప్రతిచోటా అరగంట ఆగి కప్పు లేపి గుడ్డ ఆరబెట్టాం. తడి కాన్వాసుని మడిచి మూసేస్తే రెండు రోజుల్లో నల్లమచ్చలు పడతాయి, వాసన పోదు.

ఇన్వర్నెస్ యార్డులో ఆ కుర్రాడు అన్నిటికంటే ముందు చేసిన పని కప్పు లేపడం. పైకి ఎక్కి నాలుగు మూలలూ చేత్తో తడిమాడు. కిటికీ జిప్పు మొత్తం తెరిచి మూశాడు. పరుపు ఎత్తి కింద చూశాడు. డర్నెస్‌లో గాలెలా ఉందని అడిగాడు, రాత్రి దించేశామని చెప్తే తలూపాడు. డిపాజిట్ మొత్తం వెనక్కిచ్చాడు. ఈసారి వస్తే పైన తను పడుకుంటానని అమ్మ మావాడితో ఒప్పందం చేసుకుంటోంది, మోకాళ్ల సంగతి అప్పటికి చూద్దామట.