హోల్డ్ మ్యూజిక్ లాగ్: 8 కిలోహెర్ట్జ్‌లో వినసొంపుగా

ఐపీ ఫోన్లతో నేను చేసే ప్రయోగాల్లో ఈసారి వంతు హోల్డ్ మ్యూజిక్‌ది. సిస్టమ్ చిన్నదే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఆస్టరిస్క్ (కాల్స్ నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్), ఆఫీసులో మూడు డెస్క్ ఫోన్లు, బయట నుంచి ఇంటర్నెట్ ద్వారా రిజిస్టర్ అయ్యే ఇంకో ఫోన్, బయటి కాల్స్ కోసం ఒక సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీద ఫోన్ కంపెనీతో కలిపే లైన్; సిప్ అంటే ఐపీ ఫోన్లు కాల్స్ కలపడానికి వాడే భాష). మాటలు రెండు వైపులా బాగానే వినిపిస్తున్నాయి. హోల్డ్‌లో పెడితే మాత్రం ఒక్కో కాల్ ఒక్కో తీరు: ఒకసారి గరగర, ఒకసారి చెవులు అదిరేంత సౌండ్, బయటి ఫోన్ నుంచి పెడితే అసలు ఏమీ వినిపించదు.

ఈ మూడింట్లో పెద్ద లోపం నిశ్శబ్దమే. లైన్ ఉందో పోయిందో తెలియక అవతలి మనిషి రెండుసార్లు "హలో, హలో" అని ఫోన్ పెట్టేస్తాడు. పాట నచ్చకపోయినా ఫర్వాలేదు, తనను ఎవరూ మర్చిపోలేదన్న భరోసా అయినా ఉంటుంది. అందుకే ఈ పనిలో ప్రతి నిర్ణయాన్నీ ఎదురుచూసేవాళ్ల చెవి వైపు నుంచే తీసుకుంటున్నాను.

పాట వాయించేది ఎవరు

ముందు ఇది తేల్చుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. నా సిస్టమ్‌లో హోల్డ్ నొక్కిన ఫోన్ పాట వాయించదు. అది సర్వర్‌కి రీ-ఇన్వైట్ (నడుస్తున్న కాల్ తీరు మార్చమనే సందేశం) పంపుతుంది, అందులో "సెండ్‌ఓన్లీ" అన్న లైను ఉంటుంది. సర్వర్ "రిసీవ్‌ఓన్లీ" అని జవాబిచ్చి, అవతలి కాలర్‌కి తన దగ్గరున్న ఫైల్ వినిపించడం మొదలుపెడుతుంది. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3264 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెప్పే పద్ధతి ఇదే. అంతకు ముందు పద్ధతిలో నడిచే పాత ఫోన్లు ఐపీ అడ్రస్ స్థానంలో నాలుగు సున్నాలు పంపుతాయి. ట్రేస్‌లో (సందేశాల రికార్డులో) అవి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, వాటి అర్థమూ హోల్డే.

ఇంకొకటి చూసుకోవాలి. పీజేసిప్ (ఆస్టరిస్క్‌లో సిప్ చూసుకునే భాగం) ఎండ్‌పాయింట్‌లో, అంటే ఒక్కో ఫోన్ లేదా ట్రంక్ సెట్టింగుల్లో, మోహ్ (మ్యూజిక్ ఆన్ హోల్డ్) పాస్‌త్రూ ఆన్‌లో ఉంటే సర్వర్ తాను పాట వేయకుండా హోల్డ్ సంగతిని అవతలి వైపుకి పంపించి ఊరుకుంటుంది. అవతల వాయించేవాళ్లు లేకపోతే కాలర్‌కి మిగిలేది నిశ్శబ్దమే. నా దగ్గర ఆఫ్‌లోనే ఉంది.

ఫైళ్ల తయారీ

ఎక్కువ సమయం పట్టింది దీనికే, ఎక్కువ ఆనందం ఇచ్చిందీ ఇదే.

మామూలు ఫోన్ కాల్‌లో వాడే జీ.711 కోడెక్ (శబ్దాన్ని అంకెలుగా మార్చే పద్ధతి) సెకనుకి 8000 శాంపిల్స్ తీసుకుంటుంది. ఆ లెక్కన 4000 హెర్ట్జ్ దాటిన శబ్దం ఏదీ మిగలదు. వాస్తవంలో దాటేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్నది మాత్రమే. గిటార్‌లో అన్నిటికంటే మందమైన తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ మూలస్వరం ఇక్కడే పోతుంది. దాని పైస్వరాలు మిగులుతాయి కాబట్టి మెదడు బేస్‌ని కొంతవరకు ఊహించుకుంటుంది. సింబల్స్ సంగతి అలా కాదు. వాటి మెరుపంతా పైనే ఉంటుంది, అది పోయాక మిగిలేది ఉత్త బుసబుస. సోలో ఫ్లూట్ మాత్రం చక్కగా ఇముడుతుంది: కచేరీ ఫ్లూట్ స్వరాలు దాదాపు 262 నుంచి 2093 హెర్ట్జ్ వరకు, అంటే చాలావరకు ఈ సందులోనే. ఒకే వాయిద్యం, లేదా రెండు, నిదానమైన లయ, డ్రమ్స్ లేకుండా ఉన్నవే ఎంచుకున్నాను. హెడ్‌ఫోన్లలో అద్భుతంగా ఉన్న ఆర్కెస్ట్రా ముక్క ఫోన్‌లో ముద్దగా అయిపోయింది, దాన్ని పక్కన పెట్టేశాను.

మార్చడం సాక్స్ అనే టూల్‌తో. ముందు స్టీరియోని మోనో చేసి ఒకసారి వినాలి. ఎడమ, కుడి ఛానళ్లు ఎదురు ఫేజ్‌లో రికార్డ్ అయి ఉంటే కలిపినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఒక్కోసారి ప్రధాన వాయిద్యమే మాయమైపోతుంది. అలాంటి ట్రాక్‌కి రెండూ కలపకుండా ఒక ఛానల్ మాత్రమే తీసుకుంటే సరి. తర్వాత 250 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (దాని కిందివి కోసేది), 3400 దగ్గర లోపాస్ (దాని పైవి కోసేది), హెచ్చుతగ్గులు తగ్గడానికి కొంచెం కంప్రెషన్, పీక్ మైనస్ 9 డెసిబెల్స్ దగ్గర నిలిచేలా గెయిన్. చివరగా 8000 రేటు, 16 బిట్, ఒక ఛానల్ ఉన్న వేవ్ ఫైల్. ఆస్టరిస్క్ మామూలు వేవ్ రీడర్‌కి ఈ రేటే కావాలి. సీడీ నాణ్యతతో 44100లో ఉన్న ఫైల్ ఇస్తే ఫ్రీక్వెన్సీ కుదరలేదని లాగ్‌లో వార్నింగ్ వేసి దాన్ని వదిలేస్తుంది.

చెవులు అదిరే సౌండ్ గొడవ ఆ మైనస్ 9తోనే తీరింది. పరీక్ష తేలికే: ఫోన్‌లో మాట్లాడుతూ వాల్యూమ్ ముట్టుకోకుండా హోల్డ్‌కి వెళ్లి రావాలి. పాట మాట కంటే ఒక మెట్టు కింద ఉన్నట్టు అనిపించాలి.

ట్రాక్ మొదట్లో ఉండే ఖాళీని కూడా కత్తిరించాను. నెమ్మదిగా పైకి లేచే ఆరంభం సంగీతంగా అందమే, హోల్డ్‌లో ఉన్నవాడికి మాత్రం అది లైన్ పోయినట్టే. పైగా దారిలో ఎక్కడైనా సైలెన్స్ సప్రెషన్ ఆన్‌లో ఉంటే ఆ మెల్లని భాగాన్ని నిశ్శబ్దం కింద లెక్కేసి ముక్కలు చేస్తుంది.

ఫైళ్లను మోహ్ ఫోల్డర్ కింద వేరే డైరెక్టరీలో పెట్టి, మ్యూజిక్‌ఆన్‌హోల్డ్ కాన్ఫిగ్‌లో ఒక క్లాస్ రాశాను: మోడ్ ఫైల్స్, సార్ట్ ర్యాండ్‌స్టార్ట్. ఫైల్స్ మోడ్‌లో ప్రతి కాలర్‌కీ విడిగా పాట మొదలవుతుంది, అందుకని తరచూ ఫోన్ చేసేవాళ్లు ప్రతిసారీ అవే మొదటి పది సెకన్లు వింటారు. ర్యాండ్‌స్టార్ట్ పెడితే జాబితాలో ఎక్కడో ఒకచోట నుంచి ఎత్తుకుంటుంది. తర్వాత ఆస్టరిస్క్ కన్సోల్‌లో (కమాండ్లు టైప్ చేసే చోట) మోహ్ రీలోడ్, ఆపై మోహ్ షో ఫైల్స్. జాబితా ఖాళీగా వస్తే ఫైళ్లను చదివే అనుమతి ఆస్టరిస్క్ యూజర్‌కి ఉందో లేదో చూడాలి.

గరగర

ట్రంక్ కోడెక్ వరసలో జీ.729 ముందుంది. అది సెకనుకి 8 కిలోబిట్లతోనే మాటను మోసుకెళ్తుంది, ఎందుకంటే మనిషి గొంతు శబ్దాన్ని ఎలా పుట్టిస్తుందో దాని నమూనా మీద కట్టిన కోడెక్ అది. ఫ్లూట్‌కి గొంతు ఉండదు కదా! స్వరం వణుకుతుంది, నీళ్లలో నుంచి వచ్చినట్టు ఉంటుంది. 64 కిలోబిట్ల జీ.711 ఏ-లా రకాన్ని ముందుకు తెచ్చాక శుభ్రపడింది.

పాట ముక్కలు ముక్కలుగా తెగుతుంటే చూడాల్సింది టైమింగ్. కన్సోల్‌లో టైమింగ్ టెస్ట్ అని కొడితే 1000 మిల్లీసెకన్లలో ఎన్ని టిక్స్ వచ్చాయో చెబుతుంది, 50 రావాలి. జీ.711 ప్యాకెట్ ఒక్కొక్కటి 20 మిల్లీసెకన్లది కాబట్టి సెకనుకి 50 ప్యాకెట్లు క్రమం తప్పకుండా వెళ్లాలి. నా రాస్ప్‌బెర్రీ పై మీద సరిగ్గా 50 వచ్చాయి.

32 సెకన్ల కథ

బయటి ఫోన్‌కి వచ్చిన కాల్‌లో మాటలు స్పష్టంగా ఉన్నాయి. హోల్డ్ నొక్కగానే కాలర్‌కి నిశ్శబ్దం. 32 సెకన్లకి ఆ ఫోన్ స్క్రీన్ మీద కాల్ పోయింది. కాలర్ వైపు మాత్రం లైన్ తెగలేదు, ఆ శూన్యంలో అలాగే ఉండిపోయాడు.

సిప్‌లో 32 అన్న అంకె ఎక్కడ కనిపించినా ఆగి చూడాలి. యూడీపీ (చేరిందో లేదో చూసుకోకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) మీద తిరిగి పంపడానికి మొదటి గడువు, టీ1, అర సెకను. దానికి 64 రెట్లు 32 సెకన్లు. అంతసేపు ప్రయత్నించి జవాబు రాకపోతే వదిలేయాలన్నది నియమం. అంటే ఈ ఫోన్ ఏదో పంపుతోంది, దానికి జవాబు అందట్లేదు.

ఎస్ఎన్‌గ్రెప్‌లో (సిప్ సందేశాలు చూపే టూల్) సర్వర్ వైపు ట్రేస్ తెరిచాను. ఇన్వైట్ (కాల్ పిలుపు), 200 ఓకే (ఒప్పుకోలు), ఏసీకే (అది అందిందన్న జవాబు), అన్నీ ఉన్నాయి. హోల్డ్ నొక్కాక ఒక్క లైనూ రాలేదు. రీ-ఇన్వైట్ సర్వర్‌ని చేరనే లేదు. మొదటి ఇన్వైట్‌లో సర్వర్ ఇచ్చిన కాంటాక్ట్ హెడర్ చూస్తే కారణం దొరికింది: అందులో 192.168తో మొదలయ్యే లోపలి అడ్రస్ ఉంది. ఫోన్ ఆ కాల్‌లో తర్వాత పంపే ప్రతి అభ్యర్థననూ ఆ అడ్రస్‌కే పంపుతుంది, బయటి నెట్‌వర్క్ నుంచి అది ఎక్కడికీ చేరదు. ట్రాన్స్‌పోర్ట్ సెక్షన్‌లో ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్ ఉంది కాబట్టి మాటలు సరిగ్గా వెళ్తున్నాయి. కాల్ సందేశాలకి కావాల్సిన ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్ మాత్రం ఖాళీ.

దీనికి ఇంకో గుర్తు ఉంది. ఆ ఫోన్ ముందుగా కాల్ పెట్టేస్తే అవతల కట్ అవ్వదు, ఎందుకంటే బై (కాల్ ముగించే సందేశం) కూడా అదే తప్పు అడ్రస్‌కి పోతుంది. మామూలుగా కాలరే ముందు పెట్టేస్తాడు గనుక ఇది ఎవరి కంటా పడదు. హోల్డ్ గొడవ వచ్చినప్పుడు ఈ చిన్న పరీక్ష చేస్తే ట్రేస్ తెరవకముందే సగం తెలిసిపోతుంది.

సిగ్నలింగ్ అడ్రస్ నింపి, లోకల్ నెట్ సరిచూసి, ఆస్టరిస్క్‌ని రీస్టార్ట్ చేశాను. ట్రాన్స్‌పోర్ట్ మార్పులకి మామూలుగా రీలోడ్ సరిపోదు. రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ కూడా ఆపేశాను, అది హెడర్లలో చేయి పెట్టి తిరగరాస్తే ఇలాంటి చిక్కులే మళ్లీ వస్తాయి. ఇప్పుడు హోల్డ్ నొక్కిన వెంటనే ట్రేస్‌లో సెండ్‌ఓన్లీ, దాని కింద రిసీవ్‌ఓన్లీ, చెవిలో ఫ్లూట్.

పాటల హక్కులు

కొనుక్కున్న పాట అయినా కాలర్లకి వినిపించాలంటే విడిగా అనుమతి కావాలి. నేను స్వేచ్ఛా లైసెన్స్ ఉన్నవే వాడుతున్నాను, ఆస్టరిస్క్‌తో పాటు వచ్చే ఫైళ్లూ అలాంటివే. అన్నట్టు, హోల్డ్ మ్యూజిక్ పేటెంట్ అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లెవీ అనే ఫ్యాక్టరీ యజమానికి 1966లో దక్కింది. ఆయన ఫ్యాక్టరీలో ఊడిన తీగ ఒకటి ఇనుప దూలానికి తగిలి, పక్కనున్న రేడియో స్టేషన్ పాటలు ఫోన్ లైన్లో వినిపించడంతో ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు.

మిగిలిన పని

ఆఫీసు లోపలి ఫోన్లన్నీ జీ.722ని సపోర్ట్ చేస్తాయి. అది 7000 హెర్ట్జ్ వరకు తీసుకెళ్తుంది కాబట్టి, అవే ట్రాక్‌లకి వైడ్‌బ్యాండ్ కాపీలు అదే పేరుతో పక్కన పెట్టాలి. కాల్ కోడెక్‌కి దగ్గరగా ఉన్నదాన్ని ఆస్టరిస్క్ తనే ఎంచుకుంటుంది. మొబైల్ నుంచి చేసి వినడం కూడా ఉంది. మొబైల్ కాల్స్‌లో వాడే ఏఎంఆర్ కోడెక్ ఎంత బాగా నడిచినా 12.2 కిలోబిట్లే, అదీ మాట కోసం కట్టిందే. ఇప్పుడున్న ట్రాక్‌లలో ఆ దారిలో నిలబడేవి ఏవో విని, వణికేవాటిని జాబితా నుంచి తీసేస్తాను.